పరదేశీయుల పంచెకట్టు : స్థానికుల దృష్టి

సంస్కృతమున వేషశబ్దమునకు అలంకారము, ధరించిన వస్త్రాదికము అను అర్థములు ప్రసిద్ధములు. అమరసింహుడు మనుష్యవర్గమునందు దానిని నేపథ్య, ప్రసాధన శబ్దములతో చేర్చి చెప్పెను. తెలుగున ఈ శబ్దమునకు మరియొక అర్థము కూడ స్థిరపడినది. ఒకడు "వేషము వేసినాడు" అనినచో, లేనిదానిని ఉన్నట్లు చూపినాడని లోకము గ్రహించును. "వేషాలు మానుము" అని తల్లి బిడ్డను మందలించును. ఒకే పదము కట్టుబట్టను, కపటమును గూడ తెలుపుచుండుటచే, అన్యదేశీయుడు తెలుగువారి బట్టను కట్టుకొని ఎదురుపడినప్పుడు స్థానికుని మనస్సున ఆదరము, శంక రెండును ఒక్కమారే కలుగుచున్నవి.

తిరుపతి పట్టణమున ఇట్టి దృశ్యము అరుదు కాదు. గోవిందరాజస్వామి సన్నిధివీథిలోను, అలిపిరి మెట్లదారిలోను, హరేకృష్ణ మందిరపు ఆవరణలోను పంచె కట్టి ఊర్ధ్వపుండ్రము ధరించిన పాశ్చాత్యులు, చీర కట్టిన పాశ్చాత్య స్త్రీలు కనిపింతురు. వారిని చూచి "మనోళ్ళకంటే వీళ్ళే మేలు గదప్పా!" అని కొందరు మెచ్చుకొందురు. "ఏమి వేషమో!" అని మరికొందరు నవ్వుకొందురు. ఈ రెండు మాటలును తొందరపాటు మాటలే. బట్టను చూచి భక్తిని నిర్ణయించుటకు గాని, పుట్టుకను చూచి బట్టను నిషేధించుటకు గాని ప్రమాణము లేదు.

వస్త్రము దేశమునకు చెందిన గుర్తు అను భావము ప్రాచీనమైనదే. భరతుడు నాట్యశాస్త్రమున ప్రవృత్తిని నిరూపించుచు, నానాదేశముల వేషభాషాచారములను తెలియజేయునది ప్రవృత్తి యని వివరించి, ఆవంతి, దాక్షిణాత్య, పాంచాలి, ఓఢ్రమాగధి అని నాలుగు విధములుగ విభజించెను. ఒక దేశపు వేషమును మరియొక దేశపువాడు ధరింపరాదని ఆయన చెప్పలేదు. చెప్పినచో నాట్యమే సాగదు. ధరించువాడు ఆ దేశపు నడకను, మాటను గూడ అభ్యసింపవలెననుట ఆయన తాత్పర్యము.

దక్షిణదేశ చరిత్రయందు పరదేశీయునకు స్వదేశవస్త్రమును గౌరవముగ నిచ్చిన సందర్భము స్పష్టముగ కలదు. క్రీ.శ. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, తమ నాయకునకు వీడుకోలు వేళ శ్రీకృష్ణదేవరాయలు జలతారు కబాయిని, తాను ధరించు తీరుదైన టోపీని బహూకరించినాడనియు, అది స్నేహమునకు చిహ్నముగ నిచ్చు ఆచారమనియు వ్రాసెను. బట్టను ఇచ్చినది రాజు, పుచ్చుకొన్నది అతిథి. అందు కపటమునకు తావు లేదు.

ఆ కబాయి, కుళ్ళాయి తెలుగుదేశమున పుట్టినవి కావు. కబాయి అరబ్బీ పదము, కుళ్ళాయి పారసీక పదము. సుల్తానుల సభలనుండి వచ్చిన ఆ వేషము విజయనగర సభకు మర్యాదావేషమైనది. తిరుమల ఆలయమున ఇరువురు దేవేరుల నడుమ అంజలి ఘటించి నిలిచిన రాయల రాగిప్రతిమకు శిరస్సున పొడవైన కుళ్ళాయి కలదు. నడుమున పంచె కలదు. మేన మాత్రము అంగీ లేదు. సభలో కబాయి తొడిగిన ప్రభువు స్వామియెదుట దానిని విడిచి నిలిచెను. స్థానమును బట్టి వేషమనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

ఇదే కుళ్ళాయి మరియొకనికి భారమైనది. కర్ణాటరాజైన ప్రౌఢదేవరాయల ఆస్థానమునకు పోయిన శ్రీనాథుడు అచటి వేషమును ధరింపవలసి వచ్చినందుకు విసుగుచెందినట్లు ఆయన పేర ప్రచారములోనున్న చాటువు తెలుపును. కవిసార్వభౌముడంతటివాడు పరాయి బట్టలో ఇబ్బందిపడినాడని తెలిసిన తెలుగువారు, నేడు కుచ్చెళ్ళు జారిపోవుచుండగ మెట్లెక్కు పరదేశీయుని చూచి నవ్వుట న్యాయము కాదు.

అయినను శంకకు మూలము లేకపోలేదు. క్రీ.శ. 1606లో మధురకు చేరిన ఇటలీ దేశీయుడు రాబర్టు డి నొబిలి కాషాయము ధరించి, తాను పరంగి కానని చెప్పుకొని మతప్రచారము చేసెను. ఆ పద్ధతి వారి మతమువారిలోనే వివాదమును రేపగా, 1623లో రోమునుండి దానికి అనుమతి లభించెను. 18వ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి జెసూట్ గురువులు అదే మార్గమున పుంగనూరు ప్రాంతమునకు సన్న్యాసివేషముతో వచ్చిరి. వారు మాంసమును విడిచిరి, దేశభాషలను శ్రద్ధతో నేర్చిరి. ఆ శ్రమను తక్కువ చేయరాదు. కాని కాషాయము దేశవస్త్రము కాదు, ఆశ్రమచిహ్నము. విరజాహోమము, ప్రైషోచ్చారణము జరిగిన పిమ్మట లభించునది. ఆ సంస్కారము లేక దానిని ధరించుట, ధరించినవాడు స్వదేశీయుడైనను దోషమే.

ఇచట ఒక విభాగము అవసరమగుచున్నది. పంచె, ఉత్తరీయము, చీర దేశవేషములు. ఆ దేశమున నున్నవారెవరైనను వానిని కట్టవచ్చును. కాషాయము, దండము, యజ్ఞోపవీతము దీక్షాచిహ్నములు. వానికి సంస్కారము, అధికారము కావలెను. పరదేశీయుని పంచెను చూచి శంకించువారు ఈ రెంటిని కలిపివేయుచున్నారు. పరదేశీయుని కాషాయమును చూచి వెంటనే పాదములంటువారును అదే పొరపాటు చేయుచున్నారు.

లండనులో జన్మించి 1893లో భారతదేశమునకు వచ్చిన అనిబిసెంటు తెల్లచీర కట్టి జీవించెను. 1915లో మదనపల్లెలో ఆమె పేర దివ్యజ్ఞానసమాజ కళాశాల ఏర్పడినది. ఆమె అభిప్రాయములతో విభేదించినవారు ఎందరో కలరు. కాని తన జన్మదేశమును ఆమె దాచలేదు గనుక, ఆ చీరను కపటమనుటకు అవకాశము లేదు.

తిరుమల దేవస్థాన నియమములందును ఈ వివేకము కనిపించును. ఆర్జితసేవలకు, ప్రత్యేకప్రవేశ దర్శనమునకు వచ్చువారు సంప్రదాయవస్త్రము ధరింపవలెను. హిందువులు కానివారు స్వామియందు విశ్వాసమును తెలుపు ప్రకటనపత్రముపై సంతకము చేయవలెను. పంచె కట్టినంతమాత్రమున పత్రము అక్కరలేకపోదు. పత్రమిచ్చినంతమాత్రమున పంచె అక్కరలేకపోదు. వస్త్రము మర్యాదకు, ప్రకటన విశ్వాసమునకు. మరియు ఆ వస్త్రనియమమున పురుషులకు పంచెతోబాటు కుర్తా, పైజామా అంగీకృతములు. పైజామా యను పదము పారసీకమే. కాలక్రమమున పరవేషమును సంప్రదాయములో చేర్చుకొనుట ఈ క్షేత్రమునకు క్రొత్త కాదు.

వేషమనగానే కపటమని తలచు తిరుపతివారు తమ ఊరి గంగమ్మ జాతరను స్మరింపవలెను. ఆ దినములలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషములు వరుసగ వచ్చును. పురుషులు మ్రొక్కుబడిగ చీర కట్టుదురు. పాలెగాని వెదకుచు గంగమ్మ దాల్చిన రూపములకు అవి అనుకరణములని స్థానిక కథ. తనది కాని బట్టను భక్తితో కట్టవచ్చునని ఏటేట ఆచరణలో చూపు పట్టణమునకు, పరదేశీయుని పంచె వింతగ తోచనక్కరలేదు.

అసలు చింతింపవలసినది మరియొకటి కలదు. "మనోళ్ళకంటే వీళ్ళే మేలు" అనువాడు ఆ మాట అనునప్పుడు తాను ప్యాంటులో నుండును. పంచె నేడు అర్చకులకు, వేదపాఠశాల విద్యార్థులకు, పెండ్లిపీటలకు పరిమితమగుచున్నది. ప్రాచ్యకళాశాలలలో సైతము పండుగనాడు కట్టి మరునాడు మడిచిపెట్టు వస్త్రమైనది. దర్శనమునకు పోవువారికై అంటించుకొను పట్టీ గల పంచెలు అంగళ్ళలో అమ్ముడుపోవుచున్నవి. కట్టుట తెలియనివారికి అది సౌకర్యమే, కాని కొనువారిలో తెలుగువారును కలరు. కచ్ఛము లేనివానిని, ఉత్తరీయము లేనివానిని స్మృతికారులు నగ్నునితో సమానముగ గణించిరి. తమిళదేశపు సరిహద్దునగల ఈ ప్రాంతమున అడ్డకట్టే విశేషవ్యాప్తి గాంచినది. స్మృతిని ముందుంచినచో, పరదేశీయుని కట్టును తప్పుపట్టువారిలో ఎందరు నిలువగలరు?

పరదేశీయుని పొగడుట ఈ లోపమునకు తెర కారాదు. అతని పంచెను చూపి స్వదేశీయ విద్యార్థిని సిగ్గుపరచుటయు ఉచితము కాదు. సిగ్గుచే కట్టినది సంప్రదాయముగ నిలువదు. ఆ విద్యార్థికి కచ్ఛము పెట్టుట నేర్పినవారెవరని ఉపాధ్యాయులు ప్రశ్నించుకొనవలెను. ధర్మశాస్త్రమున వస్త్రధారణ ప్రకరణమును, నాట్యశాస్త్రమున ఆహార్యాభినయమును పరీక్షకై చదివించుటతో ఆగక, గోచీకట్టునకు, అడ్డకట్టునకు గల భేదమును, ఉత్తరీయధారణ విధమును చేతితో కట్టి చూపుట ప్రాచ్యకళాశాలల కర్తవ్యము. ఒక్క గంట చాలును.

ఆ గంటలో పరదేశీయుడు వచ్చి కూర్చుండినచో అతనికిని నేర్పవలెను. వీథిలో కట్టు జారినవానికి ఒకరు నిలిచి సరిచేసి, ఆ కట్టు పేరు చెప్పి పంపవలెను. రాయలు అతిథికి కబాయి నిచ్చినప్పుడు అతని విశ్వాసమును పరీక్షింపలేదు; తన సభకు తగిన బట్టను తన చేత నిచ్చెను. ఇచ్చువాని యింట ఆ బట్ట ఉండుట మాత్రము ముందు అవసరము.