మాట వినెడి మోటారు

1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అను యువ ఇంజనీరు తన కంప్యూటరు నుండి ఒక సెల్‌ఫోనునకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపెను. ప్రపంచమున మొదటి ఎస్.ఎమ్.ఎస్. అదియే. మనుష్యుడు వ్రాయగా మనుష్యుడు చదువుకొనుటకే ఆ ఏర్పాటు పుట్టినది. నేడు ఆ సందేశములను యంత్రములును చదువుచున్నవి. తెలుగు పల్లెలలో బోరు ప్రక్కనున్న స్టార్టరు పెట్టెలో సిమ్ కార్డు వేయించి, ఇంటినుండియే సందేశము పంపి మోటారు నడుపు రైతులు కలరు. వేళగాని వేళ కరెంటు వచ్చినపుడు చీకటిలో, తడినేలమీద, పాములు తిరుగు గట్లవెంట పోయి మీట నొక్కవలసిన బాధ వారికి తప్పినది. ఇది చిన్న మేలు కాదు.

అయితే సందేశము అందుకొనుట వేరు, దానిని గ్రహించుట వేరు. పెట్టెలోని మోడెమ్ అందుకొనును. దాని ప్రక్కనుండు చిన్న కంప్యూటరు అర్థము తీయును. ఇది మోడెమునకు ముందుగా కొన్ని ఆజ్ఞలు ఇయ్యవలెను. ఆ ఆజ్ఞలు 'ఎ.టి.' అను రెండు ఇంగ్లీషు అక్షరములతో మొదలగును. 'అటెన్షన్' అను మాటకు అది సంక్షేపము. సందేశమును అంకెల గొలుసుగా గాక చదువదగిన అక్షరములుగా చూపుమని ఒక ఆజ్ఞ. వచ్చిన వెంటనే అందింపుమని ఇంకొకటి. చదివినదానిని చెరిపివేయుమని మరియొకటి. ఈ చివరిదానిని మరచుట సులభము. సిమ్ కార్డులో చోటు కొద్ది గనుక, కొన్నాళ్లకు అది నిండిపోయి క్రొత్త సందేశమునకు తావుండదు. రైతు పంపుచునే యుండును, మోటారు కదలదు. పాపము, నింద మాత్రము సిగ్నలుమీద పడును!

ఇక భాష సంగతి. ఇటువంటి పెట్టెలకు 'ఆన్', 'ఆఫ్' అను ఇంగ్లీషు మాటలు నేర్పి చాలించుట వాడుక. ఆ మాటలైనను నేర్పినట్లే వ్రాయవలెను. వెనుక ఒక ఖాళీ పడినను కొన్ని పెట్టెలు తెల్లబోవును. తెలుగులో ఏల నేర్పరాదని అడిగినచో, తెలుగునకు చోటు చాలదని సమాధానము వచ్చును. అందు కొంత నిజము కలదు. ఒక ఎస్.ఎమ్.ఎస్.లో ఇంగ్లీషు అక్షరములు 160 పట్టును. తెలుగు మొదలైన లిపులలో సాధారణముగా 70 గుర్తులే పట్టును. పైగా 'స్త్రీ' అను ఒక్క అక్షరమే యంత్రమునకు ఆరు గుర్తులు. కాని 'మోటారు వేయి' అనుటకు నడుమ ఖాళీతో కూడ పదునొకండు గుర్తులు చాలును. డెబ్బదిలో పదునొకండు ఇముడదా? చిక్కు చోటుది కాదు. అనేక మోడెములు 'మ' అను అక్షరమును మకారముగా చూపక 'సున్న, సి, రెండు, ఇ' అను సంకేతముగా చూపును. దానిని తిరిగి తెలుగుగా పోల్చుకొనునట్లు ప్రోగ్రాము వ్రాయవలెను. అది వ్రాయువానికి ఒకమారు కలుగు శ్రమ. పరభాషలోని మాటను తప్పులేకుండ వ్రాయుట రైతునకు ప్రతిదినము కలుగు శ్రమ. ఈ రెంటిలో దేనిని తప్పింపవలెనో వేరుగ చెప్పనక్కరలేదు.

మాటను గుర్తించుటతో పని తీరదు. పంపినవాడెవడో చూడవలెను. యజమాని నంబరు ఒకప్పుడు దేశసంఖ్యయగు 91తోడను, ఒకప్పుడు అది లేకయు కనబడవచ్చును గనుక, చివరి పది అంకెలను పోల్చుట మేలు. ప్రకటనల సందేశములను, తెలియనివారి మాటలను త్రోసివేయవలెను. అన్నింటికన్న ముఖ్యము వేళ. ఫోను సంభాషణవలె ఎస్.ఎమ్.ఎస్. అప్పటికప్పుడు చేరునను నియమము లేదు. అందుకొను పెట్టెకు సిగ్నలు లేనిచో సందేశము నడుమ కేంద్రములో ఆగి, తరువాత ఎప్పుడో చేరును. ఉదయము పంపిన ఆజ్ఞ సాయంకాలము వచ్చి మోటారును వేసినచో, నీరు వృథా యగుట అటుంచి, అప్పుడు తీగెలు పట్టుకొని మరమ్మతు చేయుచున్నవాని గతి యేమి?

ప్రతి సందేశమునకును తపాలాముద్రవలె తేదీయు వేళయు తోడుగా వచ్చును. పెట్టె దానిని తప్పక చదువవలెను. వేళ మించిన 'వేయి'ని పాటింపరాదు. 'ఆపు' అనుదానిని ఎంత ఆలస్యముగా వచ్చినను పాటింపవచ్చును. మడి ఒక పూట ఎండునే గాని ప్రాణమునకు ముప్పు లేదు. పాటింపనపుడు ఊరకుండక, పాటింపలేదని యజమానికి తిరుగు సందేశము పంపవలెను.

ఇంత నేర్పినను, మరమ్మతు చేయువాడు పెట్టెను నమ్మి తీగె ముట్టరాదు. మోటారునకు పోవు కరెంటును పూర్తిగా తెంపు మీట యొకటి చేతికందునట్లు ఉండవలెను. దానిని దించినపుడు ఎంతటి యజమాని సందేశము వచ్చినను మోటారు తిరుగరాదు. ధర తగ్గించుటకై ఆ మీటను మానివేయుట పొదుపు కాదు.