అరికాలి మచ్చను ఎవరు చూస్తారు?

1977లో బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద నల్లమచ్చ బయటపడింది. ఆ జమైకా గాయకుడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆటలో తగిలిన దెబ్బే అనుకున్నారు. పుండు ఎంతకీ మానకపోతే పరీక్ష చేయించారు. మెలనోమా అని తేలింది. వేలు తీసేయాలన్నారు డాక్టర్లు. రస్తఫారి మతాన్ని నమ్మిన మార్లే ఒప్పుకోలేదు. గోరు, దాని కింది చర్మం మాత్రం తీసి తొడ చర్మం అతికించారు. 1980 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పరుగెత్తుతూ ఆయన కుప్పకూలాడు. జబ్బు అప్పటికే మెదడు దాకా పాకింది. 1981 మే 11న మయామీలో కన్నుమూసేనాటికి ఆయన వయసు 36.

ఎండ పొడ సోకని చోట, గోరు చాటున వచ్చిన జబ్బది. చర్మ క్యాన్సర్ తెల్లతోలు వాళ్లకే వస్తుంది, మనది ఎండకు రాటుదేలిన ఒళ్లు అనే ధీమా తెలుగునాట గట్టిగా ఉంది. అందులో సగం నిజమే. మన చర్మంలోని మెలనిన్ అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే మన దేశంలో నమోదయ్యే క్యాన్సర్లలో దీని వాటా చాలా తక్కువ. మిగతా సగం దగ్గరే ప్రాణం మీదికి వస్తోంది.

ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ ఐరోపా సంతతికి ఎండే శత్రువు. చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అంటూ 1981లో అక్కడ మొదలైన ప్రచారం ఒక తరం అలవాట్లనే మార్చింది. మనవాళ్లకు మాత్రం ఆ క్రీము ఒక్కటే చేరింది, అదీ నల్లబడకుండా ఉండడానికి. అరికాలు చూసుకోండి అని చెప్పే ప్రకటన టీవీలో ఎంతమంది చూసి ఉంటారు?

చర్మ క్యాన్సర్లలో ముఖ్యమైనవి మూడు. బేసల్ సెల్ రకం ఎక్కువగా ముఖం మీద, ముక్కు పక్కన మెరిసే బొడిపెలా మొదలై మెల్లగా తొలుచుకుపోతుంది. దూరపు అవయవాలకు పాకడం బహు అరుదు. స్క్వామస్ సెల్ రకం పొలుసులు కట్టి, పుండు పడి పెరుగుతుంది. వదిలేస్తే గజ్జల్లోనో మెడలోనో బిళ్లలు కడుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టేది మెలనోమా. వచ్చేది కొద్దిమందికే అయినా మూడింటిలోనూ ప్రమాదకరమైనది ఇదే. మనలాంటి చర్మం ఉన్నవాళ్లలో అది ఎక్కువగా అరికాలు, అరచేయి, గోటి అడుగున పుడుతుంది. ఆ చోట్ల వచ్చే మెలనోమాకు ఎండ ప్రధాన కారణం కాదు. ఎంత ఖరీదైన క్రీము రాసినా దాన్ని ఆపలేదు.

స్క్వామస్ రకం మన అలవాట్ల నుంచి, కట్టుబట్టల నుంచి కూడా వస్తుంది. కశ్మీరులో చలికి అంగీ లోపల నిప్పుల కుంపటి, కాంగ్డీ, పెట్టుకుంటారు. ఏళ్ల తరబడి సెగ తగిలిన తొడల మీద, పొట్ట మీద వచ్చే క్యాన్సర్ గురించి ఎల్మ్‌స్లీ అనే డాక్టరు 1866లోనే రాశాడు. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రిక మన దేశపు పల్లెల్లోని ఇద్దరు పెద్దవయసు స్త్రీల సంగతి ప్రచురించింది. ఒకామెకు 70 ఏళ్లు, నడుము పక్కన 18 నెలలుగా మానని పుండు. బిహారుకు చెందిన రెండో ఆమె పుండు వయసు రెండేళ్లు, గజ్జ బిళ్లలకూ పాకింది. నడుముకు బిగించి కట్టిన చీర, లంగా బొందు ముడి దశాబ్దాల పాటు ఒకేచోట ఒరుసుకుంది. చర్మం చిట్లడం, మానడం, మళ్లీ చిట్లడం, చివరికి క్యాన్సర్. పంచె బిగించి కట్టే మగవాళ్లలోనూ డాక్టర్లు దీన్ని చూశారు. లంగా బొందు వెడల్పుగా ఉండాలి, వదులుగా కట్టుకోవాలి. నడుము చుట్టూ నల్లగా కమిలిన చోట పొలుసులు రేగితే ముడి చోటు మార్చాలి. పైసా ఖర్చులేని ఈ మాట మన అమ్మలకు చెప్పినవాళ్లు లేరు.

పాత కాలిన మచ్చలదీ, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాల పుండ్లదీ ఇదే దారి. పదేళ్లుగా ఉన్న పుండే కదా అని ఊరుకుంటారు. నిజానికి భయపడాల్సింది ఆ పదేళ్లను చూసే.

మేనరికం సంగతీ దాచకూడదు. ఎండ వల్ల కణాల్లో జరిగే నష్టాన్ని శరీరం సరిచేసుకోలేని జన్యు జబ్బు ఒకటుంది, జీరోడెర్మా పిగ్మెంటోసం. తల్లి నుంచి, తండ్రి నుంచి లోపమున్న జన్యువు చెరొకటి వస్తేనే బిడ్డకు జబ్బు. దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. పసితనంలోనే ముఖమంతా చుక్కలు, పదేళ్లు నిండకుండానే క్యాన్సర్ రావచ్చు. ఇలాంటి పిల్లలనూ, పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని వాళ్లనూ ఎండ నుంచి కాపాడాలి. పొలం పని చేసేవాళ్లకు తలపాగా, నిండు చేతుల చొక్కా ఎప్పుడూ మేలే.

చికిత్స మొదట కత్తితోనే. చుట్టూ కొంత మంచి చర్మంతో సహా గడ్డను తీసేస్తే తొలిదశలో చాలామందికి అక్కడితో నయమవుతుంది. ముదిరాక రేడియేషన్, మందులు కావాలి. 2015లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు మెలనోమా కాలేయానికీ మెదడుకూ పాకింది. ఆపరేషన్, రేడియేషన్‌తో పాటు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఇచ్చారు. ఆయన 2024 డిసెంబరు దాకా, నూరేళ్లు నిండి బతికారు. అలాంటి మందులకు దారి వేసిన శాస్త్రవేత్తలు అలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. కానీ అరికాలి మెలనోమా మీద ఈ మందులు అంత బాగా పనిచేయవు. ఖరీదూ సామాన్యులు మోసేది కాదు. కాబట్టి మనకు ముందుగా పట్టుకోవడమే అసలు వైద్యం.

అక్కడే ఓడిపోతున్నాం. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుతాం, గోరుచుట్టు అని నిమ్మకాయ తొడుగుతాం, పుండు మీద పసరు పిండుతాం. ఆ నెలల్లో జబ్బు లోపలికి దిగుతుంది.

ప్రభుత్వం చేయగలిగింది ఉంది. ఆశా కార్యకర్తలు కుష్ఠు మచ్చల కోసం ఇంటింటికీ వెళ్తూనే ఉన్నారు. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలూ జరుగుతున్నాయి. వాటి కోసం నింపే పత్రంలో ఒక్క ప్రశ్న చేర్చాలి: ‘నెల దాటినా మానని పుండుందా?’ అరికాళ్లు కూడా చూడమని వాళ్లకు నేర్పాలి.

అందాకా ఆ పని ఇంట్లోవాళ్లదే. ఈ రాత్రి అమ్మానాన్నల పాదాలు వెలుతురులో చూడండి. మచ్చ పెరుగుతున్నా, అంచులు చెదిరినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, ఒక్క గోటి మీదే నల్లచార వెడల్పై చుట్టూ చర్మానికి పాకుతున్నా చర్మ వైద్యుడికి చూపించండి. అవసరమైతే ముక్క పరీక్ష చేయించండి.