ఆఫీసు బీరువా, అమ్మ కొలత

బిల్టిన్ క్యాబినెట్ అంటే ఏదో కొత్త వస్తువులా వినిపిస్తుంది గానీ, మన ఊళ్లలో దానికి ఎప్పటినుంచో ఒక పేరుంది. గోడ బీరువా. పాత మట్టి గోడల ఇళ్లలో గోడ మందం మూరెడు దాకా ఉండేది. కట్టేటప్పుడే అందులో గూడు వదిలేసి, చెక్క అరలు బిగించి, రెండు రెక్కల తలుపు పెట్టేవాళ్లు. గదిలో అంగుళం జాగా కూడా పోయేది కాదు. ఇప్పటి ఇటుక గోడలు తొమ్మిది అంగుళాలు, అడ్డగోడలైతే నాలుగున్నరే. గూడుకి చోటు లేదు. అందుకని బీరువా గదిలోకి వచ్చి నిలబడి, తానే గోడనన్నట్టు నటిస్తోంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే మానిటర్లు చంకన పెట్టుకుని సొంతూళ్లకు చేరిన వాళ్లలో నాలాంటివాళ్లు బోలెడు మంది. మొదట మంచం మీద ల్యాప్‌టాప్, తర్వాత ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద దిండు. మా బోనకల్లో అయితే అదనంగా కాజీపేట–విజయవాడ రైలు లైను. గూడ్సు బండి పోయేదాకా నేను మ్యూట్‌లో ఉంటానని మా టీమ్ మొత్తానికీ తెలుసు. ఆ తర్వాత కంపెనీలు ఒక్కొక్కటిగా వెనక్కి పిలవడం మొదలుపెట్టాయి. 2023 అక్టోబరులో టీసీఎస్ వారానికి ఐదు రోజులూ రమ్మంది. కొన్ని కంపెనీలు రెండు రోజులు, మూడు రోజులు అంటూ ఇంకా బేరాల్లోనే ఉన్నాయి.

మరి ఇలాంటప్పుడు సొంతూరి గోడకి ఆఫీసు బిగించడం తెలివైన పనేనా? మా ఇంట్లో ఈ ప్రశ్న ఇంకోలా వచ్చింది. నేను కాగితం మీద గీసిన బొమ్మ చూసి అమ్మ, "నువ్వెళ్లిపోయాక ఇందులో ఏం పెట్టుకోవాలిరా?" అంది. ఆఫీసులో ఇన్ని డిజైన్ రివ్యూలకి కూర్చున్నాను, ఇంత పనికొచ్చే ప్రశ్న ఎవరూ అడగలేదు.

దాంతో కొలతలన్నీ మారిపోయాయి. ఫైళ్లకి, పుస్తకాలకి 12 అంగుళాల లోతు చాలు. మడతపెట్టిన చీరకి 16 కావాలి. కాబట్టి పై అరల లోతు 16. రాసుకునే బల్ల మాత్రం 24 అంగుళాల లోతు, నేల నుంచి 29 లేదా 30 ఎత్తు. ఈ బల్ల చెక్కని కింది అరలకి జిగురుతో అతికించకూడదు, బోల్టులతో బిగించాలి. రేపు అది విప్పేస్తే కింద కాళ్లు పెట్టుకునే ఖాళీలో రెండు అరలు వచ్చేలా పక్క చెక్కలకి ముందే రంధ్రాలు వేయించి ఉంచాలి. ఒక సొరుగుకి తాళం. ఇప్పుడు అందులో నా హార్డ్ డిస్కులు, తర్వాత నాన్న పట్టాదారు పాసుపుస్తకాలు. ఇంటి కోసం బీరువా కట్టుకుని, ఉద్యోగాన్ని అందులో అద్దెకు ఉంచడమన్నమాట.

అరల వెడల్పు దగ్గర మాత్రం కాస్త లెక్క చూడాలి, ఇంజినీరింగ్‌లో చదివినవాటిలో ఇంట్లో పనికొచ్చింది ఇదొక్కటే. ఒకే మందం చెక్క మీద బరువు పొడవునా సమానంగా పరిస్తే, అది వంగడం పొడవు పెరిగేకొద్దీ నాలుగో ఘాతంలో పెరుగుతుంది. రెండున్నర అడుగుల అరని మూడడుగులు చేశామనుకోండి. అర అడుగే కదా అనిపిస్తుంది. వంగడం మాత్రం రెట్టింపు. రెండడుగుల అరని మూడడుగులు చేస్తే అయిదు రెట్లు. ఇంటీరియర్ బొమ్మల్లో కనిపించే పొడవాటి పుస్తకాల అర, పుస్తకాలు పెట్టిన రెండేళ్లకి ఉయ్యాలలా దిగడానికి కారణం ఇదే. మధ్యలో నిలువు చెక్క పెట్టండి. వద్దనుకుంటే అర ముందు అంచుకి ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీని నిలువుగా బిగించండి. అందంగానూ ఉంటుంది, బరువూ మోస్తుంది.

ఇక చెక్క సంగతి. ఖమ్మం, భద్రాచలం వైపు వాళ్లకి టేకు అంటే పక్కింటి చుట్టం లాంటిది. పొలం గట్ల మీద కూడా ఉంటుంది. అయితే గట్టు మీది టేకు మనదే అయినా కొట్టడానికి అనుమతి కావాలి, తరలించడానికి పర్మిట్ కావాలి. 2002 నాటి వాల్టా చట్టంలోకి నీళ్లూ భూమితో పాటు చెట్లూ వచ్చాయి. అడవి వైపు నుంచి రాత్రిపూట వచ్చే చవక టేకు గురించి ఎవరైనా చెవిలో చెబితే, దండం పెట్టి పంపేయండి. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ చెక్క పచ్చిగా ఉంటుంది. ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, మెలి తిరుగుతుంది. చెక్క ఆరిందో లేదో చూడటానికి తేలిక దారి ఒకటుంది. ఒక ముక్క కోయించి వంటింటి త్రాసులో తూచి రాసుకోండి. వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగినప్పుడు ఆరినట్టు.

నా మటుకు నేను పెట్టెలూ అరలూ ప్లైవుడ్‌తో, తలుపుల చట్రాలు, అంచు పట్టీలు టేకుతో చేయించడమే మేలంటాను. ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి వానాకాలం ఉబ్బు, ఎండాకాలం ముడుచు దాదాపు ఉండవు. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. మన జిల్లాల్లో ఎటు చూసినా జామాయిల్ తోటలే. అదంతా సారపాకలోని ఐటీసీ మిల్లు లాంటి చోట్లకి కాగితానికి పోతుంది. మనం కొనే ప్లైవుడ్ మాత్రం చాలావరకు హర్యానాలోని యమునానగర్ లాంటి చోట్ల, పాప్లర్‌తో పాటు ఇదే జామాయిల్‌తో తయారై వస్తుంది. కొనేటప్పుడు షీటు మీద ఐఎస్ఐ ముద్ర, దాని పక్కనే నంబరు చూడండి. 710 అని ఉంటే నీటికి బాగా తట్టుకునే మెరైన్ రకం. గదంతా దానితో చేయించనక్కర్లేదు. నేలకి తగిలే కింది పెట్టెలకి వాడితే చాలు.

కింది పెట్టెలంటే గుర్తొచ్చింది, చెదలు. సాగర్ ఎడమ కాలువ కింద ఊరు మాది, నేలలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. చెక్కని నేల మీద కూర్చోబెట్టొద్దు. ఖమ్మంలో గ్రానైట్ ముక్కలకి కొదవ లేదు. కోసి పడేసిన పట్టీలు నాలుగు అంగుళాల ఎత్తున కట్టించి, వాటి మీద పెట్టెలు నిలబెట్టండి. చెదలు రాయిని తినలేవు. పైకి పాకితే వాటి మట్టి దారి రాయి మీద కళ్లకి కనిపిస్తుంది, అదీ లాభం. వెనక గోడకీ చెక్కకీ మధ్య అంగుళం ఖాళీ ఉంచండి. గోడకి తేమ మచ్చ ఉంటే ముందు దాని సంగతి చూడాలి, దాని మీద బీరువా పెట్టి కప్పేయకూడదు.

ఇన్వర్టర్ బ్యాటరీ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. నీళ్లు పోసే బ్యాటరీని బీరువా లోపల పెట్టి తలుపు మూయొద్దు. చార్జింగ్‌లో దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది మంటకి అంటుకునే వాయువు. వైర్లు కనపడటం లేదని, చూడ్డానికి బాగుందని చాలా ఇళ్లలో ఇదే పని చేస్తున్నారు. బ్యాటరీని గాలి ఆడే చోట బయటే ఉంచండి. రూటర్, ల్యాప్‌టాప్ చార్జర్ ఉండే అరకి కింద ఒక చీలిక, పైన ఒక చీలిక ఉంటే వేడి గాలి దానంతటదే పైకి పోతుంది. మే నెలలో మా వైపు బయటే 44, 45 డిగ్రీలు. మూసిన పెట్టెలో ఎంతుంటుందో చెప్పక్కర్లేదు.

ఎవరితో చేయించాలన్నది డబ్బు ప్రశ్నే కాదు. మా వైపు ఆచారిగారి ఇల్లంటే ఒకప్పుడు నాగళ్లూ బండి చక్రాలూ తయారయ్యే చోటు. ట్రాక్టరొచ్చాక గుమ్మాలూ కిటికీలూ మిగిలాయి. ఇప్పుడు అవీ రెడీమేడ్. పట్నంలో ప్లైవుడ్ పని ఎక్కువగా ఉత్తరాది నుంచి వచ్చిన బృందాలు చేస్తున్నాయి, పని బాగానే చేస్తారు, తొందరగా చేస్తారు. కానీ కుసి, బెజ్జం కలిపి జిగురు లేకుండా చట్రం నిలబెట్టే చెయ్యి ఊళ్లో ఇంకా ఉండగా, టేకు పని పట్నానికి ఇవ్వడం నాకు నచ్చలేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకి పనిముట్ల కోసం 15 వేల రూపాయలు, తొలి విడత లక్ష దాకా రుణం ఇస్తామన్నారు. మంచిదే. దానితో యంత్రం కొనుక్కోవచ్చు, యంత్రానికి పని కూడా కావాలి కదా.

ఒక్క చిక్కుంది. నేను గీసింది మిల్లీమీటర్లలో, ఆయన కొలిచేది అంగుళాల్లో, నూళ్లలో. అంగుళానికి 8 నూళ్లు. 18 మిల్లీమీటర్ల ప్లైని ఆయన ఆరు నూళ్లంటారు. నిజానికి ఆరు నూళ్లంటే 19 మిల్లీమీటర్లు. ఒక చెక్కకి మిల్లీమీటరే తేడా. అదే వరసగా ఆరు నిలువు చెక్కలున్న బీరువాలో ఆ తేడా ఆరు మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు నూళ్లు. సొరుగులు వదులుగా ఊగడానికి అది చాలు. అందుకే బొమ్మలో అంకెలు రాయడం మానేసి, కొన్న ప్లైలోంచే చిన్న ముక్క కోసి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని గాడిలో పెట్టి చూసుకున్నారు. "ఇదిగో బాబూ, కొలత అంటే ఇదీ" అని చెవి మీద పెన్సిల్ తీసి, మా గోడ మీదే మొదటి గీత గీశారు. ఆ గీత మిల్లీమీటర్లలో ఎంతో నేను ఇంతవరకూ కొలవలేదు.