ప్రేమకథలకూ మాయాకథలకూ ఒక బీరువా ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ శాఖ సంచాలకుల వారికి,



నేను నందిగామలో ఉంటున్న నవలా పాఠకురాలిని. శాఖా గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసేటప్పుడు ప్రేమ నవలలనూ మాయామంత్రాల నవలలనూ కాలక్షేపం కింద కొట్టిపారేయకుండా, మిగతా సాహిత్యంతో సమానంగా చదివించి, మంచివి ఏరి కొనమని అడగడానికే ఈ బహిరంగ లేఖ. అన్నీ కొనమనడం లేదు. ఏవి కొనదగినవో, ఎందుకో ఈమధ్య చదివిన, తిరిగి చదివిన నవలలతోనే చెబుతాను.

ముందుగా ప్రేమ నవలలు. యద్దనపూడి సులోచనారాణి గారు మన కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టారు. 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆమె ‘సెక్రటరీ’ ఈనాటికీ నన్ను ఆపకుండా చదివించింది. కారణం నాయకుడు రాజశేఖరం అందమూ, ఆస్తీ కావు, నాయిక జయంతి ఆత్మాభిమానం. మధ్యతరగతి అమ్మాయి ఉద్యోగానికి వెళ్లడమే చర్చగా ఉన్న రోజుల్లో, జీతం తీసుకునే చోట తల వంచని పిల్లను రచయిత్రి కథకు నడిమధ్య నిలబెట్టారు. తర్వాత వచ్చిన అనుకరణలు కారునీ మేడనీ పట్టుకుని జయంతిని వదిలేశాయి. అయితే ‘సెక్రటరీ’లోనూ నాకు నచ్చనిది ఉంది. ఇద్దరూ ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం మీద కథ చాలా దూరం నడుస్తుంది. ప్రేమ నవలకు నిజమైన అడ్డంకి ఉండాలి. అది డబ్బు కావచ్చు, కులం కావచ్చు, ఒకరి ఆశయం కావచ్చు. అపార్థం ఒక్కటే చాలదు.

యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో ఆ అడ్డంకిని ఆటగా మలిచిన తీరు నాకు చాలా ఇష్టం. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ముఖం తెలియని అమ్మాయి ఫోన్ చేస్తుంది. తనను వెతుక్కోమంటుంది. అందం కంటే ముందు తెలివి తెలివిని ప్రేమించిన కథ అది. కాకపోతే మనం చాలావరకు రేవంత్ వెనకే నడుస్తాం. ఆ అమ్మాయి రమ్య మనసులోకి ఇంకొంచెం ముందే వెళ్లనిస్తే ముగింపు ఇంకా లోతుగా తగిలేది. ఇక ఈమధ్య కుర్రకారు ఎగబడి కొన్న రవి మంత్రి గారి ‘అమ్మ డైరీలో కొన్ని పేజీలు’. అమ్మకూ ఒక వయసూ ఒక ప్రేమా ఉండేవన్న సంగతిని గౌరవంగా చెప్పిన నవల. కొన్ని చోట్ల మాటలు తగ్గించాల్సింది. అయినా, పాఠ్యపుస్తకం తప్ప తెలుగు పుస్తకం ముట్టని పిల్లల చేతుల్లో ఆ నవల చూశాను. ఆ పిల్లలు రెండో పుస్తకం కోసం మీ గ్రంథాలయానికి రావాలి. వచ్చినప్పుడు వాళ్లకు ఇవ్వడానికి అక్కడ ఏదైనా ఉండాలి.

ఇక మాయాకథలు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘యక్షపర్వతం’ లాంటి సీరియల్స్‌ని చిత్రా గారి బొమ్మలతో సహా తిరగేశాను. మాంత్రికుడికి ఎన్ని శక్తులున్నా మనిషి తెగువకూ స్నేహానికీ ఎదురు నిలవలేడన్న నమ్మకం వాటన్నిటికీ ప్రాణం. మాయ ఎంత పెద్దదైనా దానికొక హద్దు ఉంటుంది కాబట్టే ఉత్కంఠ నిలుస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘హాహాహూహూ’ది ఇంకో దారి. గుర్రపు తల ఉన్న గంధర్వుడు లండన్ నడిబొడ్డున పడతాడు. అక్కడి పండితులు అతన్ని పరీక్షించబోతే పరీక్ష వాళ్లకే ఎదురు తిరుగుతుంది. నమ్మకానికీ తర్కానికీ మధ్య ఇంత హాయిగా వాదం నడిపిన నవల నేనింకొకటి చదవలేదు.

యండమూరి గారి ‘తులసిదళం’ విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రిక కోసం ఊరూరా ఎదురుచూసేలా చేసిన నవల అది. పట్టు సడలని కథనం, కాదనను. కానీ క్షుద్రవిద్య నిజంగానే పనిచేస్తుందేమో అన్న సందేహాన్ని పాఠకుడి ఇంట్లో వదిలి వెళ్తుంది. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లున్న నేల మనది. రంగనాయకమ్మ గారు ఆ నవల మీద ఒక విమర్శ పుస్తకమే రాశారు. నవలనూ ఆ విమర్శనూ ఒకే అరలో పక్కపక్కన పెట్టండి. పాఠకులు రెండూ చదివి తేల్చుకుంటారు. నవలను దాచేయడం కంటే ఆ పని మేలు.

ఇన్ని చదివాక నాకు తేలిన కొలబద్ద ఇది: మాయకు మూల్యం ఉండాలి, ప్రేమకు మార్పు ఉండాలి. వరం పొందినవాడు దానికోసం ఏమీ పోగొట్టుకోకపోతే అది మాయాకథ కాదు, ఉత్త గొప్పలు. ప్రేమించిన ఇద్దరూ చివరి పేజీలో మొదటి పేజీలో ఉన్నట్టే ఉంటే అది ప్రేమకథ కాదు, పెళ్లి శుభలేఖ.

ఈ కొలబద్ద ఎక్కడినుంచో తెచ్చుకున్నది కాదు, మా నేలలోనే ఉంది. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన శిల్పాల్లో మాంధాత చక్రవర్తి ఫలకం ప్రసిద్ధమైనది. ఆ శిల్పం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. మాంధాత చెయ్యెత్తితే ఆకాశం నుంచి నాణేలు రాలతాయి. జాతక కథ ప్రకారం అంతటితో అతని ఆశ తీరదు. స్వర్గానికి వెళ్తాడు. ఇంద్రుడు సగం రాజ్యమిస్తే, మొత్తం కావాలనుకుంటాడు. ఆ కోరిక పుట్టగానే ముసలితనం కమ్ముకుని నేల మీదకు జారిపోతాడు. రెండు వేల ఏళ్లనాటి మా ప్రాంతపు శిల్పుల చేతుల్లో పలికిన మాయాకథ ఇది, మూల్యంతో సహా. అలాంటి ఆశ ఇక్కడ ఇంకా ఉంది: తొలకరి పడగానే మా దగ్గరి గుడిమెట్ల చుట్టుపక్కల వజ్రాలు వెతకడానికి జనం ఇప్పటికీ వస్తారు. పరిటాల గనుల పేరు వజ్రాల చరిత్రలో ఉంది. ఒక రాయి కోసం పొలం గట్ల మీద తిరిగే ఆ మనుషుల ఆశ చాలు, ఒక పెద్ద నవలకు. ఇంత సరుకున్న ప్రాంతంలో పెరిగిన పిల్లలు మాయాలోకాలంటే సినిమా తెర మీదే చూడాలనుకుంటున్నారు. కానీ 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ సినిమా అయినా మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల ఆధారంగా పుట్టిందే కదా. చదివేవాళ్లుంటేనే రాసేవాళ్లు పుడతారు.

పాఠకుడి దగ్గరికే వెళ్లడమనే సంప్రదాయం మన గ్రంథాలయాలకు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు వచ్చేదాకా కూర్చోకుండా పుస్తకమే పాఠకుడి రేవుకు వెళ్లింది. మా మెట్టలో అలాంటి పడవ కాలవలు లేవు, కానీ పాఠకులున్నారు.  మిర్చి కోతలూ పత్తితీతలూ తగ్గిన నెలల్లో చదువుకునే ఆడవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ల ఇంటిపన్నులోంచీ రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వస్తోంది. పోటీ పరీక్షల పుస్తకాలు కొనండి, అవి బతుకుతెరువు. వాటి పక్కన వీళ్లు అడిగే పుస్తకాలకూ చోటివ్వండి.

నా విన్నపాలు నాలుగు. ప్రతి శాఖా గ్రంథాలయంలో పాఠకులు తమకు కావలసిన నవలల పేర్లు రాసే రిజిస్టరు పెట్టి, కొనుగోళ్ల సమయంలో దాన్ని చూడండి. ఎంపిక సంఘంలో ఈ తరహా నవలలు నిజంగా చదివే ఇద్దరు పాఠకులకు, అందులో ఒక మహిళకు, చోటివ్వండి. దాసరి వారి సీరియల్స్, కాశీమజిలీ కథలు పిల్లల విభాగంలో పూర్తి సెట్లుగా ఉంచండి. నెలకొకసారి ఒక నవల మీద పాఠకులు కూర్చుని మాట్లాడుకునేలా గది, గంట సమయం ఇవ్వండి. వీటిలో పెద్ద ఖర్చున్నది ఏదీ లేదు.

రిజిస్టరు పెట్టిన రోజున మొదటి పేజీలో పేర్లు రాయడానికి నందిగామ నుంచీ జగ్గయ్యపేట నుంచీ మేము సిద్ధంగా ఉన్నాం. మీ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నందిగామ