కాళోజీ ఇంట్లో కవికి జాగ కావాలె

2014 సెప్టెంబర్ 9. కాళోజీ నారాయణరావు నూరేండ్ల పుట్టినరోజు. తెలంగాణ రాష్ట్రం వచ్చి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఆ రోజు హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రానికి పునాదిరాయి పడింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ కళాక్షేత్రం తలుపులు తెరుచుకున్నది 2024 నవంబర్ 19న. రాయి వేసింది ఒక ముఖ్యమంత్రి, రిబ్బన్ కత్తిరించింది మరొక ముఖ్యమంత్రి. నడుమ పదేండ్ల రెండు నెలలు గడిచిపోయాయి. అరవై ఏండ్లు కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్న జాతికి, తన ప్రజాకవి పేరు మీద ఒక్క భవనం కట్టుకోవడానికి పదేండ్లు పట్టింది. ఇది ఏ ఒక్క పార్టీకో అంటగట్టి చేతులు దులుపుకునే ముచ్చట కాదు. మనందరం తల దించుకోవాల్సిన ముచ్చట.

సరే, ఆలస్యంగానైనా భవనం అయింది. సంతోషమే. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఆ భవనంలో ఏం జరగాలె? వెయ్యి మందికి పైగా కూర్చునే హాలు, మెత్తటి కుర్చీలు, మెరిసే అద్దాలు ఉంటే సాహిత్య కేంద్రం అయిపోతదా? అట్లయితే మన పట్టణాల్లో ఉన్న ఫంక్షన్ హాళ్లన్నీ సాహిత్య కేంద్రాలే కావాలె. పోయిన కవి పేరు గోడ మీద రాసి, బతికున్న కవిని గేటు బయట నిలబెట్టే సంస్కృతి మనకు కొత్త కాదు. కాళోజీ పేరు పెట్టుకున్న ఇంట్లో ఆ పని జరగొద్దన్నదే మా మాట.

ఒక్కసారి వెనక్కి తిరిగి చూద్దాం. భవనాలు లేని కాలంలో తెలంగాణ సాహిత్యాన్ని ఎట్లా సాకింది? 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టింది. 1904లో ఇదే హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పుట్టింది. తెలుగులో బోర్డు పెట్టుకోవడమే సాహసమైన రోజులవి. 1934లో, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. ఆయనకు భవనం లేదు, ఆఫీసు లేదు, గ్రాంటు లేదు. పుస్తకాల మూట భుజాన వేసుకొని తిరిగి అమ్మారు. ఆ ఒక్క మనిషి ఒక అకాడమీ చేయవలసిన పని చేసిండు. 1943లో సారస్వత పరిషత్తు మొదలైంది. 1966లో వరంగల్ నుంచి సృజన పత్రిక వచ్చింది.

వీటన్నిటిలో ఒక పోలిక ఉన్నది. ఇవన్నీ ఆనాటికి రాస్తున్న వాళ్లను పట్టించుకున్నాయి. గోలకొండ కవుల సంచికలో ఉన్నది ఆనాటి సమకాలీన సాహిత్యమే. ఆళ్వారుస్వామి మోసిన మూటలో ఉన్నవి అచ్చు వాసన పోని పుస్తకాలే. మనం ఇయ్యాల వారసత్వం అని మురిసిపోయేదంతా, ఒకప్పుడు ఎవరో ఒకరు పట్టుబట్టి నిలబెట్టిన కొత్త రాతలే. కొత్త రాతను ఆదరించని తరం రేపటి తరానికి వారసత్వం ఇయ్యలేదు. లెక్క ఇంత సూటిగా ఉన్నది.

ఉమ్మడి రాష్ట్రంలో ఏమైంది? 1957లో సాహిత్య అకాడమీ ఏర్పడింది, 1983లో ఒక్క కలం పోటుతో రద్దయింది. పాఠ్యపుస్తకాల్లో మన రచయితకు చోటు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. సినిమాల్లో మన యాస రౌడీకి, జోకర్‌కు అంకితమైంది. అయినా తెలంగాణ రచయిత కలం మూయలేదు. సొంత పైసలతో పుస్తకం అచ్చు వేసుకున్నడు. చిన్న పత్రికలు పెట్టి నడిపినన్ని రోజులు నడిపిండు. 2001లో తెలంగాణ రచయితల వేదిక పుట్టింది, 2002 నుంచి ధూంధాం వేదికలు ఊరూరా లేచాయి. పార్టీలు వెనకాముందాడిన కాలంలో పాట ముందు నడిచింది. ఈ రాష్ట్రం వచ్చిందంటే అందులో కవి, గాయకుడు, కథకుడు చేసిన కష్టం ఉన్నది. దీన్ని ఏ నాయకుడూ కాదనలేడు.

మరి రాష్ట్రం వచ్చినంక? కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవం చేశారు. ఆయన పేరు మీద ఏటా 1,01,116 రూపాయల పురస్కారం ఇస్తున్నారు. 2017లో తెలంగాణ సాహిత్య అకాడమీ పెట్టారు. అదే ఏడు డిసెంబర్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపారు. 2024లో అందెశ్రీ గీతం రాష్ట్ర గీతమైంది. ఇవన్నీ గౌరవాలే. కాదనం. కానీ సన్మానం వేరు, సాగు వేరు. పండిన పంటకు దండ వేసుడు సన్మానం. దుక్కి దున్ని, విత్తనం పెట్టి, నీళ్లు పారించుడు సాగు. మనకు సన్మానాల శాఖ ఉన్నది, సాహిత్యం సాగు చేసే శాఖ కావాలె.

సాగు లేకపోతే ఏమయితదో చెప్పడానికి అలిశెట్టి ప్రభాకర్ బతుకు చాలు. జగిత్యాల బిడ్డ. కవి, చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్. నాలుగు మాటల్లో నగరాన్ని నిలువునా కోసి చూపినవాడు. క్షయతో, పేదరికంతో హైదరాబాద్‌లో 1993 జనవరి 12న పోయిండు. అది ఆయన పుట్టినరోజు కూడా. 39 ఏండ్లు. ఇయ్యాల ఆయన పంక్తులు పోస్టర్ల మీద ఉన్నాయి, ఉపన్యాసాల్లో ఉన్నాయి. ఆయన బతికున్నప్పుడు ఆ పంక్తులకు ఒక గది, ఒక జీతం, ఒక దవాఖాన దొరకలేదు. ఇట్లాంటి కవి ఇయ్యాల ఏ ఊర్లో ఉన్నడో, ఏ ఆటో నడుపుతున్నడో, ఏ ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠం చెప్తున్నడో పట్టించుకునే యంత్రాంగం ఉండాలె. సాహిత్య కేంద్రం అంటే అది.

కొత్తగా రాసే పిల్లల గోస అందరికీ తెలిసిందే. మొదటి పుస్తకం అచ్చుకు చేతి పైసలు పెట్టాలె, లేకపోతే అప్పు తేవాలె. అయిదు వందల కాపీలు వేస్తే సగం దోస్తులకు పంచుడు, మిగిలినవి మంచం కింద కట్టలు. ఆవిష్కరణ సభకు హాలు కిరాయి, బ్యానర్, చాయ బిస్కెట్లు అన్నీ రచయిత మీదనే. అంత చేసినా ఆ పుస్తకం మండల గ్రంథాలయం అల్మారా దాకా చేరదు. ఆదిలాబాద్ అడవిలో రాసే గోండు పిల్లగాడికి, బీడీలు చేసుకుంటూ కథ రాసే ఆడబిడ్డకు ఈ తొవ్వ ఇంకెంత దూరం?

చేసిన వాళ్లు లేరా అంటే ఉన్నారు. 1982 ఫిబ్రవరిలో భోపాల్‌లో భారత్ భవన్ మొదలైంది. చార్లెస్ కొరియా గీసిన నమూనా, పక్కనే చెరువు. భవనం గొప్పదే. కానీ దానికి పేరు తెచ్చింది లోపల జరిగిన పని. చిత్రకళకు ఒక విభాగం, నాటకానికి ఒక విభాగం పెట్టినట్టే కవిత్వానికి వాగర్థ్ అని ఒక విభాగం పెట్టారు. భారతీయ భాషల కవిత్వానికి అక్కడ గ్రంథాలయం ఉన్నది. బతికున్న కవులను పిలిచి చదివించారు. ఆదివాసీ చిత్రకారుల బొమ్మలను నగర చిత్రకారుల బొమ్మల సరసన పెట్టారు. తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడు దాని మీద పెత్తనం కోసం గుంజులాట జరిగి సంస్థ నష్టపోయింది. ఆ పాఠం కూడా మనకు పనికొచ్చేదే.

కేరళ చూడండి. 1945లో పన్నెండు మంది రచయితలు కలిసి 120 రూపాయల మూలధనంతో కొట్టాయంలో సహకార సంఘం పెట్టుకున్నారు. తమ పుస్తకాలు తామే అచ్చు వేశారు, అమ్మారు. పుస్తకం ధరలో ముప్పై శాతం రచయితకు రాయల్టీగా ఇచ్చిన సంఘం అది. రచయిత చెయ్యి చాచకుండా, పుస్తకం పాఠకుని దాకా పోయే తొవ్వ వేశారు. మనకు 120 రూపాయలు దొరకకనా ఈ పని కానిది? సోయి లేక కాలేదు.

కాబట్టి కాళోజీ కళాక్షేత్రాన్ని ఏ గీటురాయి మీద కొలవాలో మేము సూటిగా చెప్తున్నాం.

ఒకటి, కొత్త రచన చదువుకునేటందుకు వారానికి ఒక సాయంత్రం, ఒక గది ఉచితంగా ఇవ్వాలె. కిరాయి అడగొద్దు, సిఫారసు ఉత్తరం అడగొద్దు. యాభై మంది కూర్చునే గది చాలు. కాళోజీ తరం స్నేహితులు కలిసి కూర్చొని చదువుకున్నది అసొంటి గదుల్లోనే.

రెండు, బతికున్న రచయితల గ్రంథాలయం పెట్టాలె. తెలంగాణలో వచ్చిన ప్రతి కవితా సంపుటి, కథల పుస్తకం, నవల, పాటల పుస్తకం అక్కడ దొరకాలె. వాటిని దానంగా తీసుకోవద్దు, పైసలు ఇచ్చి కొనాలె. ఆగిపోయిన చిన్న పత్రికల సంచికలు చెదలు తినకముందే తెచ్చి భద్రపరచాలె.

మూడు, ఏటా కొందరు కొత్త రచయితల మొదటి పుస్తకాలు కేంద్రం ఖర్చుతో రావాలె, రాయల్టీ చేతికి అందాలె. ఎంపిక రచయితలే చెయ్యాలె. ఇందులో తెలుగు ఒక్కటే ఉండొద్దు. మఖ్దూం మొహియుద్దీన్ పుట్టిన నేల ఇది. ఉర్దూ మనది. గోండి, కోయ, లంబాడీ భాషలు మనవి. తెలుగు యాసను వెక్కిరించారని కొట్లాడిన వాళ్లం, ఇంకొకరి భాషను మూలకు నెట్టొద్దు.

నాలుగు, అనువాదం. మన దళిత, బహుజన, ముస్లిం, ఆదివాసీ, స్త్రీల రచనలు పక్క రాష్ట్రానికి, పక్క భాషకు పోవాలె. అక్కడి రాతలు ఇక్కడికి రావాలె.

ఐదు, హన్మకొండతో ఆగొద్దు. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక చిన్న కాళోజీ గది ఉండాలె. పెద్ద భవనం ఒక్కటి కట్టి అందరినీ అక్కడికి రమ్మంటే, హైదరాబాద్ చుట్టూ మనల్ని తిప్పిన పాత పాలనకూ దీనికీ తేడా ఏమున్నది?

పైసలు ఎక్కడివి అంటారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతున్నాం. ఆ సెస్సు గ్రంథాలయాలకు పూర్తిగా, సమయానికి చేరాలె. అందులోంచి ఏటా పుస్తకాల కొనుగోలు జరిగితేనే సమకాలీన రచయితకు సగం బలం వస్తది. మనం కట్టిన పైసలు మన పుస్తకానికి ఖర్చు చేయమని అడుగుడు భిక్ష కాదు, హక్కు.

రైతు అప్పుల్లో ఉన్నడు, నౌకరీలు లేక పిల్లలు ఆగమయితున్నరు, ఇప్పుడు కవిత్వం కావాల్నా అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్న ఉద్యమ కాలంలో కూడా అడిగారు. జవాబు అప్పుడే దొరికింది. రైతు గోసను, నీళ్ల దోపిడీని, నౌకరీల అన్యాయాన్ని ఊరికి అర్థమయ్యేటట్టు చెప్పింది పాటే. గణాంకాల పుస్తకం చదివి ఎవరూ రోడ్డెక్కలేదు, పాట విని ఎక్కారు. ఇయ్యాలటి గోసకు మాట కావాలన్నా రాసేవాళ్లు కావాలె.

ఇక అసలు మెలిక. సర్కారు పైసలతో నడిచే చోట సర్కారును ప్రశ్నించే కవికి జాగ ఉంటదా? ఇక్కడ కాళోజీనే తూకంరాయి. నిజాం మీద కలమెత్తి జైలుకు పోయిన మనిషి. ఎమర్జెన్సీని ఎదిరించి, తర్వాత సత్తుపల్లిలో జలగం వెంగళరావు మీదనే పోటీకి నిలబడ్డ మనిషి. ఓడిపోతానని తెలిసీ నిలబడ్డడు. తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నడు. 1992లో పద్మవిభూషణ్ వచ్చినా ఆ గొడవ ఆపలేదు. ఆ మనిషి పేరు మీద ఉన్న వేదిక మీద భజన పాట ఒక్కటే వినబడితే, అది ఆయనకు చేసే అవమానం. కేంద్రం నిర్వహణ మండలిలో రచయితలు, కళాకారులు సగానికి మించి ఉండాలె. వాళ్ల పదవీకాలం ప్రభుత్వంతో ముడిపడొద్దు. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఆ గదిలో దీపం ఆరొద్దు.

రచయితలకు కూడా ఒక మాట. రాష్ట్రం వచ్చినంక మనలో కొందరం పదవుల చుట్టూ, పురస్కారాల చుట్టూ తిరిగినం. ఈ పార్టీ కవులు, ఆ పార్టీ కవులు అని చీలినం. గుంపులుగా ఉంటే ఎవరి గుంపుకు వాళ్లకు ఒక శాలువా దొరకొచ్చు. కలిసి అడిగితే అందరికీ ఒక ఇల్లు దొరుకుతది.

వచ్చే సెప్టెంబర్ 9న కాళోజీకి దండ వేయడానికి పోయేవాళ్లు ఒక పని చేయండి. మీ ఊర్లో ఈ ఏడు కొత్తగా రాసిన పిల్లనో, పిల్లగాన్నో వెంట తీసుకపోండి. కళాక్షేత్రం మెట్ల మీదనైనా నిలబెట్టి వాళ్ల రాత వాళ్ల గొంతుతో చదివించండి. పది మంది ఆగి వింటే ఆ భవనం కట్టినందుకు ఫలితం మొదలైనట్టే.

పదేండ్లు పట్టినా గోడలు లేచాయి. ఆ గోడల నడుమ గొంతు లేపే బాధ్యత మనది. జై తెలంగాణ!