నోటిమాట పత్రమైతే

వ్యాపార సంభాషణలో డిజిటల్ సాంకేతికత తెచ్చిన మార్పును సాధారణంగా వేగంతోనే కొలుస్తారు. ఉత్తరానికి రోజులు, టెలిగ్రాముకు గంటలు పట్టిన చోట ఇప్పుడు క్షణం చాలుతోందన్నది ఆ లెక్క. అది నిజమే కానీ, వేగం కంటే లోతైన మార్పు మరొకటి జరిగింది. ఒకప్పుడు ఎదురెదురుగా కూర్చునో, ఫోనులోనో మాట్లాడుకుని మరచిపోయే బేరాలు, హామీలు, వాయిదాలు, సణుగుళ్లు ఇప్పుడు తేదీతో, సమయంతో సహా నమోదై నిలిచిపోతున్నాయి. మాటకుండే చనువు, కాగితానికుండే బరువు ఒకే సందేశంలో చేరాయి. చనువును అందరూ వాడుకుంటున్నారు. బరువు మాత్రం తగాదా వచ్చినప్పుడే తెలుస్తోంది, అది చిన్న వ్యాపారి మీదే ఎక్కువగా పడుతోంది.

పాత పద్ధతిలో ఈ రెండూ వేరువేరుగా ఉండేవి. బేరం నోటితో సాగేది, తేలిన మాట చిట్టాలోకి, అక్కడి నుంచి ఆవర్జాలోకి ఎక్కేది. దూరప్రాంతపు లావాదేవీకి టెలిగ్రాము వాడినప్పుడు మాటల లెక్కన రుసుము పడేది కాబట్టి సరుకు, పరిమాణం, ధర, గడువు తప్ప మరేమీ అందులో ఉండేవి కావు. ఖర్చే రాతకు క్రమశిక్షణ నేర్పింది. మన దేశంలో టెలిగ్రాము సేవ 2013 జులైలో ముగిసింది. అప్పటికే 2009లో పుట్టిన వాట్సాప్ ఫోన్లలోకి చేరుతోంది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌకైంది, 2018 జనవరిలో చిన్న వ్యాపారుల కోసం వాట్సాప్ బిజినెస్ వచ్చింది, మరుసటి ఏడాది సరుకు బొమ్మలను ధరలతో చూపే కేటలాగ్ సదుపాయం దానికి తోడైంది. పంపడానికి ఖర్చు లేకపోవడంతో మాట అదుపు తప్పింది. పది ముక్కలుగా పంపిన సందేశంలో ఏది బేరమో, ఏది కబురో, ఏది తుది అంగీకారమో విడదీయడం పంపినవారికే కష్టమవుతోంది.

తెలుగు రాష్ట్రాల చీరల వ్యాపారంలో ఈ స్థితి స్పష్టంగా కనిపిస్తుంది. పోచంపల్లి, మంగళగిరి, ఉప్పాడ, గద్వాల, ధర్మవరం వంటి చోట్ల మాస్టర్ వీవర్ కొత్త చీర ఫొటోను గ్రూపులో పెడతాడు. రీసెల్లర్ అని పిలిచే మధ్యవర్తి, తరచుగా ఇంటి నుంచే వ్యాపారం చేసుకునే గృహిణి, దానికి తన లాభం కలిపి మరో గ్రూపులోకి పంపుతుంది. కొనేవారు ‘బుక్డ్’ అని ఒక్క మాట పెట్టి, యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ జత చేస్తారు. కొటేషన్, ఆర్డర్, రసీదు అనే మూడు పత్రాలు చేసే పని ఈ మూడు సందేశాలే చేస్తున్నాయి. సరుకు చేరాక వచ్చే తగాదాలకు కూడా ఈ రంగం తనదైన కట్టుబాట్లు ఏర్పరచుకుంది: పార్శిల్ విప్పుతున్నప్పుడు ఆపకుండా తీసిన వీడియో ఉంటేనే డ్యామేజీ ఫిర్యాదు స్వీకరిస్తారు, కెమెరా వెలుతురు వల్ల రంగులో స్వల్ప తేడా ఉండవచ్చని ముందే రాస్తారు. ఏ చట్టమూ చెప్పకముందే సాక్ష్యం అవసరాన్ని వ్యాపారులు అనుభవంతో గుర్తించారనడానికి ఆ వీడియో నిబంధనే రుజువు. అయితే ఆ జాగ్రత్త కొనుగోలుదారు ఫిర్యాదు వరకే ఆగిపోయింది. షోరూముకు అరువు మీద పంపిన సరుకు విషయంలో, అసలు పెద్ద మొత్తాలు చిక్కుకునే చోట, అది కనిపించదు. గుంటూరు మిర్చి యార్డులోనూ అంతే: తేజ, 334 వంటి రకాల ధరలు ఫోన్లలో చేరడం వల్ల సరుకును శీతల గిడ్డంగిలో ఉంచాలా, అమ్మాలా అన్న నిర్ణయం రైతుకు కొంత సులువైంది, కానీ కమీషన్ ఏజెంటుతో జరిగే అసలు బేరం ఎక్కువగా మాటల్లోనే సాగుతుంది.

ఇటువంటి సందేశాలను న్యాయస్థానాలు కబుర్లుగా కొట్టిపారేయడం లేదు. ట్రైమెక్స్ ఇంటర్నేషనల్, వేదాంత అల్యూమినియం సంస్థల మధ్య బాక్సైట్ సరఫరా వివాదంలో, అధికారిక ఒప్పంద పత్రంపై సంతకాలు జరగకపోయినా ఈ-మెయిళ్లలో కుదిరిన అంగీకారమే ఒప్పందమని సుప్రీంకోర్టు 2010 జనవరిలో తేల్చింది. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది. కెనడాలోని సస్కచవాన్ రాష్ట్రపు తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఒక ధాన్యం కంపెనీ ప్రతినిధి 2021 మార్చిలో, నవంబరులో ఇవ్వాల్సిన అవిసె గింజల ఒప్పందంపై తాను సంతకం చేసి, దాని ఫొటో తీసి, ఖరారు చేయమని రైతు ఫోనుకు పంపాడు; రైతు బొటనవేలు పైకెత్తిన గుర్తు పంపి ఊరుకున్నాడు. నవంబరు నాటికి ధర బాగా పెరిగింది, సరుకు రాలేదు. పత్రం అందిందని చెప్పడానికే ఆ గుర్తు పెట్టానని రైతు వాదించాడు. అతను అంతకుముందు ఒప్పందాలను కూడా ‘ఓకే’ వంటి పొట్టి మాటలతోనే ఖరారు చేసి, సరుకు ఇచ్చేవాడని గమనించిన న్యాయమూర్తి, ఆ గుర్తును సంతకంగానే పరిగణించి, 82 వేల కెనడా డాలర్లకు పైగా పరిహారం చెల్లించాలని 2023లో ఆదేశించారు. 2024 డిసెంబరులో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడనక్కర్లేదు. కానీ అలవాటుగా పంపే గుర్తుకు అర్థాన్ని నిర్ణయించేది పంపినవాడి మనసులోని ఉద్దేశం కాదనీ, ఇరువురి మధ్య అప్పటిదాకా నడిచిన వ్యవహారమనీ అది చెప్పిన తీరు, నమ్మకం మీద నడిచే మన బజార్లకు నేరుగా వర్తిస్తుంది.

మన దగ్గర పొట్టి సందేశానికి ఇటువంటి బరువు తెచ్చిపెట్టగలిగేది 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. సరుకు సరఫరా చేసిన సూక్ష్మ, చిన్న సంస్థకు రాతపూర్వకంగా కుదిరిన గడువులోపు డబ్బు చెల్లించాలనీ, ఆ గడువు 45 రోజులకు మించరాదనీ, రాత ఏదీ లేకపోతే 15 రోజుల్లోనే చెల్లించాలనీ 15వ సెక్షన్ చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా అసలులో కలుపుతూ, కట్టాలి. సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకును ఒప్పుకున్నట్టే లెక్క. ఎలక్ట్రానిక్ రూపంలోని రాతకు సమాచార సాంకేతిక చట్టం గుర్తింపు ఇచ్చింది కాబట్టి, ‘నెల ఆగండి’ అన్న షోరూము సందేశానికి చేనేత యజమాని ‘సరే’ అని బదులిస్తే 15 రోజుల హక్కు 30 రోజులకు జరిగిపోయిందని వాదించే వీలు కలుగుతుంది. అలాగే చీర అంచులో లోపం చూపుతూ పంపిన ఒక ఫొటో, దాని కింద రాసిన ఒక వాక్యం చెల్లింపు గడువు మొదలయ్యే రోజునే మార్చగలవు. ఆ ‘సరే’ మర్యాద కోసం పెట్టిన మాటే కావచ్చు, దాని విలువ మాత్రం డబ్బుల్లో తేలుతుంది. ఈ రక్షణ సరుకు తయారుచేసేవారికి, సేవలందించేవారికి మాత్రమే ఉంది. కొని అమ్మే వ్యాపారులను 2021లో ఇటువంటి సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదులోకి తీసుకున్నా, ఆ ప్రయోజనాన్ని ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేశారు. అంటే పైన చెప్పిన రీసెల్లర్ మహిళలు దీని నీడలోకి రారు.

పెద్ద సంస్థలు ఈ బరువును ఇప్పటికే చవిచూశాయి. ఉద్యోగులు సొంత ఫోన్లలోని వాట్సాప్ వంటి యాప్‌ల ద్వారా వ్యాపారం మాట్లాడుకున్నారనీ, ఆ సంభాషణలను చట్టప్రకారం భద్రపరచలేదనీ అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 2022 సెప్టెంబరులో 16 ఆర్థిక సంస్థల నుంచి 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానా రాబట్టింది. తప్పు మాట్లాడారని కాదు, మాట్లాడినదాన్ని భద్రపరచలేదన్నదే అక్కడి అభియోగం. ఆ దెబ్బతో వాల్‌స్ట్రీట్ బ్యాంకులు సందేశాలన్నిటినీ నిల్వచేసే వ్యవస్థలను గట్టిపరచుకున్నాయి, వాటికి న్యాయ విభాగాలున్నాయి, బడ్జెట్ ఉంది. అసలు మాట్లాడేది ఎవరన్న విషయంలోనూ పెద్ద సంస్థలకు అండ ఉంది: రిజర్వు బ్యాంకు మన బ్యాంకుల వెబ్‌సైట్లకు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక చిరునామా తప్పనిసరి చేసి, ఎవరు మాట్లాడుతున్నారో గుర్తించే మార్గం చూపింది. యజమాని ఫొటోను ప్రొఫైల్‌లో పెట్టుకుని, ఫలానా ఖాతాకు డబ్బు వేయమని గుమస్తాకు సందేశం పంపే మోసగాడి నుంచి చిన్న దుకాణానికి అటువంటి రక్షణ ఏదీ లేదు. తిరిగి ఫోన్ చేసి గొంతు విని ధ్రువీకరించుకునే పాత అలవాటే వారికి మిగిలిన అండ.

సందేశాలను సాక్ష్యంగా నిలబెట్టే విషయానికి వస్తే వ్యత్యాసం మరీ పెరుగుతుంది. పైన చెప్పిన 2006 చట్టం కింద బాకీల వసూలుకు ఏర్పాటైన ఫెసిలిటేషన్ కౌన్సిల్ మధ్యవర్తిత్వంలో సాక్ష్యచట్టపు నియమాలు వర్తించవు కాబట్టి తయారీదారుకు కొంత వెసులుబాటు ఉంది. ఆ గడప తొక్కలేని వ్యాపారి సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టం చేసింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ దాన్ని మరింత బిగించింది. ఫోను కలిగిన వ్యక్తి సంతకంతోపాటు నిపుణుడి సంతకమూ ఉండాలి, రికార్డు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ విలువంటే ఫైలులోని సమాచారం నుంచి గణిత సూత్రంతో రాబట్టే అక్షరాల, అంకెల వరుస. ఫైలులో ఒక్క అక్షరం మారినా అది పూర్తిగా మారిపోతుంది, కాబట్టి కల్పిత స్క్రీన్‌షాట్లు పుట్టుకొస్తున్న కాలంలో ఈ నిబంధన ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ పదిహేను వేల రూపాయల చీరల బాకీకి నిపుణుణ్ని వెతికి, ఫీజు చెల్లించి సంతకం తెచ్చుకోవడం చిన్న ఊరి వ్యాపారికి అసలుకే ఎసరు పెడుతుంది. ఎదుటివారు సందేశాన్ని పంపలేదని అననప్పుడు నిపుణుడి సంతకాన్ని మినహాయించడం, చిన్న మొత్తాల దావాలకు కోర్టు ప్రాంగణంలోనే హ్యాష్ తీసి ధ్రువీకరించే సిబ్బందిని నియమించడం పాలకులు చేయదగ్గ పనులు.

తెలుగులో టైపు చేయడం ఇబ్బందిగా భావించే వ్యాపారుల్లో వాయిస్ మెసేజ్ అలవాటు బలంగా ఉండటం ఈ సమస్యకు మరో ముడి వేస్తోంది. గొంతు నిస్సందేహంగా మంచి సాక్ష్యమే, కానీ అందులో కావలసిన ధరను వెతికి పట్టుకోవడానికి రెండేళ్ల సందేశాలన్నీ వినాల్సి వస్తుంది. ఫోను మారినప్పుడు బ్యాకప్ లేకపోయినా, నిర్ణీత రోజుల తర్వాత సందేశాలు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ పెట్టినా ఆ గొంతూ మిగలదు. బేరం వాయిస్‌లోనే సాగినా, తేలిన పరిమాణం, ధర, చెల్లింపు రోజు ఈ మూడింటినీ చివర ఒక్క వాక్యంగా తెలుగులో రాసి పంపడం, నెలకోసారి ఆ సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచుకోవడం పెద్ద ఖర్చులేని పనులు. చీరను ఫొటో తీసే కోణం, రీల్ చేసే పద్ధతి నేర్పే శిక్షణ తరగతుల్లో వీటికీ ఒక పూట కేటాయించాలి, అరువు సరుకు లారీ ఎక్కకముందే ఈ జాగ్రత్త వ్యాపారులకు తెలియాలి.