సెప్టిక్ ట్యాంకు మూత తీసే ముందు

సంక్రాంతికి సున్నం వేయించడం, ఉగాదికి బూజు దులపడం, వానలకు ముందు డాబామీద పగుళ్ళు పూడ్పించడం మన యిళ్ళలో ఎవరూ చెప్పకుండానే గుర్తుకొస్తాయి. గుర్తుకురానిది ఒక్కటే. పెరట్లో తులసికోటకు అవతలో, స్నానాలగది గోడ పక్కనో బండరాతి మూత కప్పుకుని పడివుండే సెప్టిక్ ట్యాంకు! అది ఎంత లోతున్నదో యింటాయనకు తెలియదు. ఎప్పుడు ఖాళీ చేయించారో యింటావిడకు తెలియదు. పొంగిన రోజున మాత్రం గల్లీ అందరికీ తెలుస్తుంది.

ఈ వారం దాని సంగతే చెప్పుకుందాం. భోంచేసి తీరిగ్గా కూచున్నాక చదవండి. ముక్కు మూసుకోవలసిన అవసరం లేకుండానే చెబుతాను.

"హైదరాబాదులో డ్రైనేజీ వున్నది గదా, మళ్ళీ ట్యాంకెందుకు?" అని మీరడగవచ్చు. నిజమే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరదను పైనే ఆపడానికి జలాశయాలు కట్టమని వారు చెప్పారు. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ ఆ సలహాకు ఫలితాలే. నగరానికి సరయిన మురుగుకాలువలు వుండాలని చెప్పినవారు కూడా ఆయనే. తరువాత 1989లో జలమండలి ఏర్పడి నీళ్ళనూ, మురుగునూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది.

కాని ఊరు కాలువకన్నా త్వరగా పెరుగుతుంది. గల్లీలో గొట్టం పడకముందే కట్టిన యిళ్ళున్నాయి. గొట్టంకంటే పల్లంలో పడిపోయిన యిళ్ళున్నాయి. మా షాలిబండ వంటి పాత వాడల్లో ఒక దేవిడీని నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే, నలుగురికీ కలిపి వెనకటి ట్యాంకు ఒక్కటే దిక్కయిన సందర్భాలూ వున్నాయి. ఒక కుటుంబానికి కట్టిన దానిమీద నాలుగు కుటుంబాల భారం పడితే అది ఏం చేస్తుంది, పాపం!

ముందుగా ఆ ట్యాంకు చేసే పనేమిటో చూడండి. అది మైల దాచిపెట్టే గొయ్యి మాత్రమే కాదు. లోపలికి వచ్చిన దానిలో బరువైనది అడుక్కు దిగి బురదవుతుంది. జిడ్డు, నూనె తేలి పైన తెట్టె కడుతుంది. మధ్యనుండే నీరు అవతలి గొట్టంగుండా యింకుడుగుంటకో, కాలువకో పోతుంది. గాలి తగలని ఆ చీకట్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు బురదను కొంత తిని తగ్గిస్తాయి. కొంతే సుమండీ, మొత్తం కాదు! మిగిలినది ఏడాదికేడాది పేరుకుంటుంది. ఒకనాటికి నీరు నిలిచే చోటు లేక బురదే అవతలికి నడుస్తుంది. యింకుడుగుంట రంధ్రాలు పూడుకుపోతాయి. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించినా గుంట పనిచెయ్యదు. చిన్న ఖర్చుకు వెనకాడితే పెద్ద ఖర్చు ఎదురొస్తుందన్నమాట.

అయిదుగురున్న యింటికి భారతీయ ప్రమాణం చెప్పిన కొలత ఏమంత పెద్దది కాదు. పొడవు సుమారు 5 అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు, నీటి లోతు 3 అడుగుల పైచిలుకు. అందులో పట్టేది 1,100 లీటర్లు, అటూ యిటూగా. యింత చిన్న ట్యాంకుకు ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి శుభ్రం తప్పదు. పెద్దదయినా మూడేళ్ళు దాటనివ్వకూడదు. "మా ట్యాంకు పదిహేనేళ్ళుగా తియ్యలేదండీ, ఏమీ కాలేదు" అని గొప్పగా చెప్పేవారుంటారు. ఏమీ కాకపోవడమేమిటి? అది అడుగునుంచి కారి పోతున్నదో, తిన్నగా మోరీలోకి పోతున్నదో చూసుకోవాలి. పెరట్లో బావి వుంటే మరీను. యింకుడుగుంటకూ బావికీ 60 అడుగుల ఎడమయినా వుండాలి.

ఎప్పుడు తియ్యాలో తెలుసుకోవడానికి ఒక సులువున్నది. పొడుగాటి కర్రకు పాత తెల్ల తువ్వాలు బిగించి చుట్టి, అడుగు తగిలేదాకా దింపి, కొన్ని నిమిషాలుంచి మెల్లగా పైకి తియ్యాలి. నల్లటి బురద ఎంత ఎత్తుదాకా అంటుకున్నదో గుడ్డే చెబుతుంది. అడుగు బురదా, పైన తెట్టా కలిసి ట్యాంకులో సగానికి వచ్చాయంటే లారీని పిలవవలసిందే. కర్ర దించేటప్పుడు మూతమీదికి వంగి లోపలికి తొంగిచూడవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. చేతిలో బీడీ, అగ్గిపుల్ల వుండకూడదు. ఎందుకో తరువాత చెబుతాను.

మచిలీపట్నంలో మా మేనమామగారింటి పద్ధతి వేరు. అక్కడ నాలుగు గునపపు పోట్లు వేస్తే నీరు వూరుతుంది. వానాకాలంలో భూమే నిండివుంటే యింకుడుగుంట యింకెక్కడ తాగుతుంది? అందుకని కోస్తావారు ట్యాంకును వేసవిలోనే, నీటిమట్టం దిగివున్నప్పుడే తీయించుకోవడం మంచిది. ఫైబరు ట్యాంకయితే నిండు వర్షాల్లో పూర్తిగా ఖాళీ చేయించకూడదు. చుట్టూవున్న నీరు దాన్ని పడవలాగా పైకి లేపేస్తుంది! మా హైదరాబాదులో నీరు కాదు, రాయి అడ్డం. కొద్ది అడుగులు తవ్వితే నల్లబండ. దానికి దప్పిక వుండదు. అందువల్ల యిక్కడివారు యింకుడుగుంటను నమ్ముకుని నిద్రపోవడానికి వీల్లేదు. రెండుచోట్లా మందు ఒక్కటే, వేళకు తీయించడం.

ఇక అసలు సంగతి. నిరుడు ఆషాఢంలో, లాల్ దర్వాజా బోనాలకు చుట్టాలు దిగుతారనగా, మా గల్లీలో ఒకరింటి ట్యాంకు పొంగింది. ఆ యింటి పెద్దాయనను గల్లీ అంతా చాచా అంటుంది. లారీవాడొకడు వచ్చి, గల్లీ ఇరుకు చూసి, పైపు సరిపోదని చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఇద్దరు కుర్రాళ్ళు బకెట్లతో, తాడుతో వచ్చి నిలబడ్డారు. లారీకయ్యే దాంట్లో సగానికే ఒప్పుకున్నారట.

"చాచా, వాళ్ళను దింపకండి" అన్నాను.

"ఏం బాబూ! మా అబ్బాజాన్ కాలంనుంచి ఇట్లనే చేయించినం. ఒక దీపం దించి చూస్తం. దీపం ఆరలేదంటే గాలి మంచిగున్నట్టే" అన్నారాయన.

ఆయన మాటలో దయలేకపోవడమంటూ ఏమీ లేదు. పొద్దున్నే ఆ కుర్రాళ్ళకు చాయ్ యిప్పించింది ఆయనే. తెలియకపోవడమే అసలు చిక్కు. పాడుబావిలో దీపం దించే ఆనవాయితీ సెప్టిక్ ట్యాంకుకు పనికిరాదు. అందులో పుట్టే మీథేను నిప్పు తగిలితే అంటుకుంటుంది, పేలుతుంది కూడా. దానితోబాటు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు మరీ మాయదారిది. కొద్దిగా వున్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఎక్కువయినప్పుడు ముక్కు మొద్దుబారి ఏ వాసనా తెలియదు! వాసన పోయిందిగదా అనుకున్న మనిషి రెండు మూడు ఊపిరులలోనే కుప్పకూలుతాడు. బురదను కదిపినకొద్దీ అణగివున్న వాయువు గుప్పున లేస్తుంది. కనుక దిగేముందు బాగానే వున్న గాలి దిగిన తరువాత బాగుండదు.

పడినవాణ్ణి చూసి పైనున్నవాడు ఆగలేడు. అన్నో తమ్ముడో అయివుంటాడు, దూకుతాడు. ఇద్దరూ పోతారు. 2016 ఆగస్టులో మన నగరంలోనే, మాదాపూరు అయ్యప్ప సొసైటీలో ఒక మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. ఆ నలుగురిలో ఒకరు పనివారు కూడా కాదు. లోపలివారిని కాపాడుదామని దిగిన కారు డ్రైవరు.

చాచా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ కుర్రాళ్ళలో చిన్నవాడిని పిలిచి, "నీ ఉమ్ర్ ఎంత బేటా?" అని అడిగారు. పందొమ్మిది అన్నాడు. చాచా మనవడి యీడే. ఆయన వాళ్ళకు ఆ పూట కూలి చేతిలో పెట్టి, "తాడు చుట్టుకోని ఇంటికి పోండి" అన్నారు. డబ్బు లెక్కపెట్టుకుంటూ చిన్నవాడు, "రేపు ఇంకో గల్లీలో పనున్నది సార్" అన్నాడు. ఆ మాటకు మా యిద్దరి దగ్గరా జవాబు లేకపోయింది.

జవాబు చట్టంలో కొంత వున్నది. 2013లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకో, మురుగుకాలువలోకో దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ళదాకా జైలు, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూను. దింపినవాడు కంట్రాక్టరు కానక్కరలేదు, యింటి యజమాని అయినా అంతే. 2014లో సుప్రీంకోర్టు, 1993 తరువాత యిలా పోయినవారి కుటుంబాలకు తలా 10 లక్షలు యివ్వాలన్నది. 2023 అక్టోబరులో ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది. ఆ 2014 తీర్పు వెనుక సఫాయి కర్మచారీ ఆందోళన్ చేసిన పోరాటమున్నది. దాన్ని నడిపే బెజవాడ విల్సన్‌గారు కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగు బిడ్డ. 2016లో మెగసేసే పురస్కారం అందుకున్నారు.

మిగతా జవాబు యంత్రంలో వున్నది. లారీ దూరని గల్లీలకోసమని జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగు యంత్రాలను మురుగుకాలువల పనికి దింపింది. వాటిని నడిపేవారిలో దళిత యువకులను యజమానులుగా నిలబెట్టారు. తాడు పట్టవలసిన చేతికి స్టీరింగు యివ్వడం మంచి ఆలోచన. సెప్టిక్ ట్యాంకుకయితే లారీని పెద్దరోడ్డుమీదనే నిలబెట్టి పైపుకు పైపు తగిలించుకుంటూ రావచ్చు. మరునాడు చాచా యింట్లో అదే జరిగింది. ఫోనులోనే "గల్లీ ఇరుకు, రోడ్డునుంచి యిన్ని అడుగుల దూరం" అని చెప్పి పిలిస్తే, పైపులు సరిపడా తెచ్చుకున్నారు. గంటలో పని అయిపోయింది. మనిషి కాలు లోపల పెట్టలేదు.

పిలవడానికి జలమండలి నంబరు 155313, దేశమంతటికీ వున్న పారిశుధ్య సహాయ నంబరు 14420. వచ్చిన బండివారిని మూడు మాటలు అడగండి. లైసెన్సున్నదా? పనివారికి చేతిజోళ్ళు, బూట్లు వున్నాయా? తీసినది ఎక్కడ పోస్తారు? మూడవ ప్రశ్నకు "ఇక్కడే నాలాలో, రాత్రిపూట" అని జవాబొస్తే ఆ బండిని తిప్పి పంపండి. మీ యింటి నుంచి తీసినది నాలాగుండా మూసీకి, మూసీగుండా దిగువనున్న రైతు మడిలోకి చేరుతుంది. అది శుద్ధికేంద్రానికి పోవలసిన సరుకు. వరంగల్ నగరంవారు 2016లోనే యీ బండ్లకు నిబంధనలు పెట్టి ముందుదారి చూపారు.

ట్యాంకును నున్నగా కడిగించనక్కరలేదు. అడుగున ఒక అంగుళం బురద వుంచమని ప్రమాణమే చెబుతుంది. పెరుగుకు తోడువంటిది అది. గాలిగొట్టం డాబా దాటి పైకుండాలి, మూతికి దోమల జాలీ కట్టాలి. మూత పగిలితే ఆ రోజే మార్చాలి. పిల్లలు ఆడుకునే చోటు గదా!

గృహిణులకు ఒక మనవి. యాసిడ్, బ్లీచింగు పౌడరు డబ్బాలకు డబ్బాలు కుమ్మరిస్తే బురదను తినే సూక్ష్మజీవులు చస్తాయి. మాడిన నూనె, గుడ్డపేలికలు, పసిపిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు ఆ దారిన పోనివ్వకండి. మార్కెట్లో అమ్మే పొడులు వేస్తే తీయించే పనే వుండదన్న మాట నమ్మకండి.

ఇక చెయ్యవలసిన పని చిన్నది. ట్యాంకు తీయించిన రోజున తేదీని మీటరు బోర్డు పక్కన గోడమీద పెయింటుతో రాసి పెట్టండి. రెండేళ్ళ తరువాతి తేదీ కూడా దానికిందనే రాయండి. మా చాచా రాయించారు. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి.